గుడి వెనక గోడ

నేను చింతామణిలో మా ఇంట్లోనే కూర్చుని కంప్యూటరు బొమ్మల పని చేస్తాను. కంప్యూటరులో గుడైనా గోడైనా చిన్న చిన్న త్రికోణాలతో అల్లిన వల. త్రికోణాలు మరీ ఎక్కువైతే చవక ఫోను దాన్ని తిప్పలేక ఆగిపోతుంది. అందుకని రూపు చెడకుండా వాటిని తగ్గించాలి. అదీ నా ఉద్యోగం.

ఒకసారి మండికల్ దగ్గర మా అమ్మ పుట్టినూరి గుడే నా చేతికొచ్చింది. ఫోనులోనే దాని చుట్టూ తిరిగి చూసేలా తయారు చేయాలి. డబ్బు పెట్టిన పెద్దమనిషిది కూడా ఆ ఊరే. గుడి ముందు సిమెంటు ఆర్చి కట్టించింది ఆయనే.

మా టీమ్ లీడ్ చిక్కబళ్లాపురం మనిషి. ఫోను చేసి, "త్రికోణాలు శానా ఉండాయి. వెనక గోడ తీసెయ్యమ్మా. బోడి గోడ, ఎవురు చూస్తారు?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "మావోళ్ళు చూసేదే వెనకాలప్పా," అన్నాను.

ప్రదక్షిణ చేస్తూ గర్భగుడి వెనక్కి రాగానే మా వాళ్ళు ఆగుతారు. గోడకు అరచెయ్యి ఆనించి కష్టం చెప్పుకుంటారు. ముందర దండం పెడతారు, వెనక మాట్లాడతారు. చేతులు ఆని ఆని అక్కడ రాయి కొంచెం గుంట పడింది. నేను పుట్టాలని మా అమ్మ అడుక్కున్నదీ అక్కడే. త్రికోణాలు తగ్గించే సాఫ్ట్‌వేరుకు ఇదంతా ఏం తెలుసు? కాస్త చదునుగా కనబడితే చాలు, దండగ అనుకుని పూడ్చేస్తుంది.

"మరి యాడ తగ్గిస్తావు?" అన్నాడు లీడ్.

"ఆర్చిలో."

పైన పటారం, లోన లొటారం అంటారే, అదీ ఆ ఆర్చి. బొద్దు సింహాలు, సిమెంటు పూలగుత్తులు. సగం త్రికోణాలు అదే మింగి కూర్చుంది.

లీడ్ గొంతు తగ్గించాడు. "ఆయప్ప చూస్తే నీ పని పోతాది. నేను అడ్డం రాలేను."

"పోతే పోనీప్పా. ఆ గుంట మాత్రం నేను పూడ్చను."

సింహాలనూ పూలగుత్తులనూ తీసేసి, చదును పలక మీద వాటి ఫొటో అతికించాను. గుంట దగ్గర ఒక్క త్రికోణాన్నీ ముట్టనివ్వలేదు.

చూపించే రోజు గుడి అరుగు మీద కూర్చుని పెద్దమనిషి ఫోను అందుకున్నాడు. పెద్దమనిషి వేలు ఆర్చిని దాటేసి, గుడి చుట్టూ తిరిగి, వెనక గోడ దగ్గర ఆగింది.

"ఇంకా దగ్గరికి పోతాదామ్మా?"

"పోతాదప్పా."

గుంట తెర నిండా వచ్చింది. ఆయన దాని మీద బొటనవేలు ఆనించి, పెదవులు కదుపుతూ చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

ఆర్చి సంగతి ఇంతవరకూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నేను సిద్ధంగానే ఉన్నాను.