గడప ముందు తిరిగిన అంకెలు

పొద్దున మెట్రోలో నిలబడి ఫోన్ చూస్తుంటే వదిన పంపిన వీడియో వచ్చింది. మరైగూడ బడి ముందు ఆరుగురు పిల్లలు మెడలో తలా ఒక అంకె వేలాడేసుకుని గుండ్రంగా నిలబడ్డారు: 1, 4, 2, 8, 5, 7. పక్కాయన ఉలిక్కిపడేలా నవ్వాను.

ఈ లక్షా నలభై రెండు వేల ఎనిమిది వందల యాభై ఏడుతో నాకు పాత గొడవుంది. పెదనాన్న కొడుకు పెళ్ళికి రాష్ట్రం సరిహద్దు అవతలి కోంటా వెళ్ళిన ఎండాకాలం అది. సిగ్నల్ లేదు, ఉక్కపోత, ఇల్లంతా వీధివైపు ఉన్న పెద్దమ్మ దుకాణంలోని చింతపండు వాసన. నా కోపం ముక్కుమీదే ఉంది. కొత్త జంటను గడప దగ్గర ఆపడం ఆడపడుచుగా నా వంతు. అడిగిందానికి ఒప్పుకుంటేనే లోపలికి రానివ్వాలి. నేను చెవిపోగులు అడుగుదామనుకుంటుంటే వెనక నుంచి పెద్దమ్మ, "బడి మానేస్తనంటెనే తొవ్వ ఇయ్యవే బిడ్డా" అంది. వదిన మరైగూడలో లెక్కల టీచరు. అన్నయ్య తన కాలివేళ్ళు చూసుకున్నాడు.

వదిన మాత్రం తల దించలేదు. ముగ్గుగిన్నె తీసుకుని వాకిట్లో ఆ ఆరు అంకెల్నీ గుండ్రంగా వేసింది. "ఒకటి నుంచి ఆరు దాక ఏదన్న చెప్పుండ్రి అత్తమ్మా. దాంతోటి దీన్ని గుణిస్తే ఇవే అంకెలు, ఇదే వరసల, ఇంకో కాడ మొదలైతయి. తప్పితే బడి బంద్. తప్పకపోతే సోమవారం పోత. శర్తేనా?"

దుకాణంలో కూర్చుని నోటిలెక్కలు వేసే మనిషి పెద్దమ్మ, వెనక్కి తగ్గుతుందా! "శర్తే. మూడు!" అంది. నెట్‌వర్క్ లేకపోయినా క్యాల్కులేటర్ ఉందిగా, కొట్టాను. 428571. వదిన ముగ్గులో నాలుగు మీద వేలు పెట్టి అక్కణ్ణుంచి చుట్టూ చదివింది. "ఐదు!" 714285. ఈసారి ఏడు దగ్గర మొదలు. దుకాణానికి వచ్చినవాళ్ళు కూడా మూగి హిందీలో ఒకరు, అక్కడి గిరిజనుల దోర్లి భాషలో ఒకరు కేకలు. నాకు ఒళ్ళు మండింది. నా ఫోన్ ముందే వేషాలా? ఎవర్నీ అడక్కుండా ఏడుతో గుణించాను. 999999.

"ఓడిపోయావ్!" అని అరిచాను.

"ఆరు దాకనే అన్న గద మరదలా" అని వదిన నవ్వింది.

పెద్దమ్మ నా ఫోన్ లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని, పెదాలు కదిలించడం మొదలుపెట్టింది. "ఏడేడ్లు నలభై తొమ్మిది, తొమ్మిదేసి నాలుగు చేతిల. ఏడైదులు ముప్పై ఐదు, నాలుగు కలిపితే మళ్ళ తొమ్మిదే... ఇదేందే, ఎంత దూరం పోయినా తొమ్మిదే!" తాను అత్తగారినన్న సంగతే మర్చిపోయి పకపకా నవ్వింది. "సోమవారం పో తల్లీ. ముందైతే కుడికాలు పెట్టు. ఈ గమ్మత్తు నాకు నేర్పాలె."

చెవిపోగుల మాట నాకే గుర్తు రాలేదు.

ఆ ఫోన్ ఎప్పుడో పగిలింది. పెద్దమ్మ ఇప్పుడు బేరానికి వచ్చిన ప్రతివాడినీ ఆ సంఖ్యను ఏడుతో గుణించమంటుందట. ఇన్నేళ్ళయినా, ఎక్కడ మొదలుపెట్టి తలుచుకున్నా, ఆ రోజు నాకు వరస తప్పదు.