గార్డు పెట్టె కోసం ఆగిన బడి

కొత్తవలస చేరువలోని ఒక చిన్న సర్కారు బడిలో నా ఉద్యోగపు చివరి సంవత్సరాలు గడిచాయి. తొలిసారి చూసినవారు దానిని బాలికల పాఠశాల అనుకునేవారు. ఊరి ఆచారం అటువంటిది. ఒకే ఇంటి మగపిల్లలు పసుపుపచ్చని వ్యానెక్కి కాన్వెంటుకు పోతే, ఆడపిల్లలు మా బడికి నడిచి వచ్చేవారు. రైతుల ఇళ్లలోనూ అంతే, వర్తకుల ఇళ్లలోనూ అంతే.

ఒక ఏడు జూన్‌లో పై అధికారి కబురంపారు. నెలాఖరులోగా ఒకటో తరగతిలో ఇంకొక బిడ్డ చేరకుంటే మా బడిని పట్టాల ఆవలి బడిలో కలిపివేస్తారట. ఇనుపరాతి గూడ్సులు ఎడతెగక పోయే ఆ పట్టాలు దాటించి ఆడపిల్లను పంపే తల్లి మా ఊళ్లో లేదు. బడితోపాటు వారి చదువూ ముగిసేది.

కావ్యాలు వల్లించిన నాలుక కదా అన్న ధీమాతో, కిరాణా కొట్టు నడిపే పెద్దావిడ దగ్గరకు వెళ్లాను. ఆమె మనుమరాలు మా రెండో తరగతి. మనుమడు అప్పుడే కాన్వెంటు ఒకటో తరగతిలో అడుగుపెట్టాడు.

“అమ్మా, విద్యకు ఆడ, మగ భేదమేల?” అన్నాను.

“బేదమేటి మేష్టారూ! ఆడపిల్ల నడిసొస్తాది. మగోడికి బండుండాల. మీ బడికి బండి వస్తాదా, సెప్పండి!”

నా వాక్చాతుర్యం పప్పుబస్తాల చాటున నక్కింది.

మరునాడు నేనే బండినయ్యాను. ఇంటింటి ముందూ ఆగి, ఒకరి చొక్కా ఒకరు పట్టుకొనగా పిల్లలను వరుసగా తగిలించుకొని గంభీరంగా బయలుదేరాను.

“కూతెయ్యండి మేష్టారూ! కూత లేని రైలేటి?” అని వెనుక నుంచి ఆ మనుమరాలే గద్దించింది.

సంకోచిస్తూ “కూ” అన్నాను. అరుగుల మీద నవ్వులు. రెండో కూతకు నాకే హుషారు పుట్టింది.

ఎదురొచ్చిన వ్యాను కిటికీలో తమ్ముడు కనబడగానే అక్క వెక్కిరించింది: “ఒరే, నీ బండికి తలుపేసేస్తారు! మా రైలు ఊరంతా తిరుగుతాది!”

నెల ముగియవస్తుండగా ఒక ఉదయం వాడు వ్యానెక్కనని కొట్టు ముందు పొర్లాడి, కాన్వెంటు టైతోనే పరుగెత్తుకొచ్చి వరుస చివర అక్క గౌను పట్టుకొన్నాడు.

“గార్డు పెట్టె వచ్చీసింది!” అని పిల్లలు కేకలు వేశారు.

పెద్దావిడ వెనుకే వచ్చింది. తిట్లకు సిద్ధపడ్డాను. బడి గుమ్మంలో ఆమె మనుమణ్ణి ఎగాదిగా చూసి, “రాసుకోండి మేష్టారూ. గానీ ఓ మాట. మీ రైలు రోజూ నా కొట్టు ముందు ఆగాల. నానూ సూడాల,” అంది.

బడి నిలిచింది. నేను పదవీ విరమణ చేసేదాకా ఆ కొట్టు ముందు మా రైలు తప్పక ఆగింది. అక్కడ కూత మాత్రం కాస్త పెద్దదిగానే వేసేవాణ్ణి.