గొడుగుబండకు ముందు ముత్లా గుట్ట

కువైట్‌లోని మిష్రిఫ్‌లో మునిలక్ష్మి పనిచేసే ఇంట్లో లిఫ్టు పెట్టించి నాలుగేళ్లయింది. అయినా ఆమె బట్టల బుట్ట నెత్తిన పెట్టుకుని మూడో అంతస్తుకు మెట్ల మీదుగానే వెళుతుంది. చూసినప్పుడల్లా మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, నవ్వుతుంది. పాలరాతి నేలలు తుడిచి తుడిచి యాభై రెండేళ్లకే కుడి మోకాలు పట్టేసింది. ఎంత పట్టేసిందో రోజూ మెట్ల మీద చూసుకోవడం ఆమెకు అలవాటైపోయింది.

మార్చిలో ఆమెకు కువైట్ ఖలాస్. అక్కడ ఉండడానికిచ్చే ఇఖామా కార్డు ఇక పొడిగించుకోవడం లేదు. పదకొండేళ్ల కిందట రాయచోటి అవతల కొండల కిందున్న తన ఊరి నుంచి బయల్దేరేటప్పుడు ఒక మొక్కు మొక్కుకుంది. క్షేమంగా తిరిగొస్తే గొడుగుబండ ఎక్కి, అక్కడి అక్కమ్మకు తన చేత్తో టెంకాయ కొడతానని.

గొడుగుబండకు దారి లేదు. ఆ చుట్టుపక్కల అంతెత్తు శిఖరం ఇంకోటి లేకపోయినా, దాని పేరు పక్క మండలంలో కూడా ఎవరికీ తెలియదు. తెల్లరాళ్ల వంక వెంట పోవాలి. వంక ఎండిపోయినచోట ఎడమకు తిరిగి బోదగడ్డిలో పడాలి. అక్కణ్ణుంచి గొడుగులా ముందుకొంగిన బండను చూపు తప్పనివ్వకుండా పైపైకి పోవడమే. పొద్దున బయల్దేరినవాళ్లు దిగేసరికి పొద్దు వాలుతుంది. ఎండిన బోదగడ్డి మీద కాలు నిలవదు. పదేళ్లప్పటి నుంచి ఆ కొండకు కట్టెలకు పోయిన మునిలక్ష్మి వయసులో ఉన్నప్పుడు ఆ గడ్డిలో పరుగున దిగేసేది.

మొన్న ఫోన్లో తమ్ముడు రామాంజులు అన్నాడు: "అక్కా, నువ్వు జీపులో కొండ మొదుట్లోకి వచ్చి కూకో. నా కోడలు ఎక్కి టెంకాయ కొట్టొస్తాది. ఎవురు కొడితే ఏముందిలే."

ఆ మాట ఆమెకు మింగుడుపడలేదు. అలాగని కాదనడానికీ ధైర్యం చాలలేదు. మర్నాడు అదే ఇంట్లో కారు నడిపే శ్రీనివాసులును పట్టుకుంది. అతనిది కడప.

"ఈ దేశంలో కొండ యాడుంది సీనా?"

"ముత్లా గుట్ట ఉండాది. దాన్ని కొండంటే మన కొండలు నగుతాయిలే అక్కా."

నవ్వితే నవ్వనీ అనుకుంది. జనవరిలో ఒక శుక్రవారం మామాను అడిగి కారు తీసుకుని బయల్దేరారు. రుమైథియాలో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పద్మశ్రీ పులిహోర డబ్బాతో దారిలో ఎక్కింది. ఆమెది అమలాపురం వైపు.

గుట్ట కింద చలికాలపు గుడారాలు వేసి ఉన్నాయి. బండ్ల జాడలు వాలుగా ఎడమకు పోయాయి. మునిలక్ష్మి చెప్పులు విడిచి, జాడల్లేనిచోట నిటారుగా ఎక్కడం మొదలుపెట్టింది.

"ఇనప ముక్క ఏదన్నా కనపడితే ముట్టుకోవద్దండి. ఇరాక్ యుద్ధం నాటి బాంబులు ఇంకా ఉంటాయంట," అని వెనక నుంచి శ్రీనివాసులు కేకేశాడు.

"మావైపు ఎత్తంటే ఏటిగట్టేనండీ బాబూ. దీన్ని గుట్టంటారేంటి, నాకిది హిమాలయం," అని పద్మశ్రీ రొప్పింది.

పైకి చేరేసరికి దూరంగా జహ్రా ఊరు, దాని పక్కన బూడిదరంగు సముద్రం కనిపించాయి. మునిలక్ష్మికి ఆయాసం కూడా రాలేదు.

"పాసయినావుపో. ఇంగ పులిహోర తీయండి," అన్నాడు శ్రీనివాసులు.

ఆమె మాత్రం సంచిలోంచి ఖాళీ బియ్యం బస్తా తీసి అందులో రాళ్లు వేయసాగింది.

"ఏం జేస్తాండావు మే?" అని అతను అడిగాడు.

"వట్టి చేతుల్తో ఎవురైనా ఎక్కుతారు నాయనా. మేము కొండెక్కింది మోపెత్తుకొని దిగేదానికే గదా. దిగితేనే నాకు కాళ్లుండాయని లెక్క."

తలగుడ్డ చుట్ట చుట్టుకుని బస్తా నెత్తికెత్తుకుంది. ఊళ్లో బండల మీద దిగినట్టే మడమ గట్టిగా ఆనించి దిగింది. ఆ కొండ రాయి అయితే కాలిని పట్టి నిలుపుతుంది. ఇక్కడ అంతా పొడి గులకే. మూడో అడుగుకే కాలికింద నేల కదిలిపోయింది. బస్తా దొర్లిపోయి మూల చిరిగింది. మునిలక్ష్మి చతికిలబడింది.

దెబ్బేమీ తగల్లేదు. కానీ చాలాసేపు లేవలేదు. "రామాంజులు చెప్పిందే నిజమేమో," అంది మెల్లగా.

పద్మశ్రీ వచ్చి ముందు నిలబడింది. "అక్కా, ఆ మడమ అలా దిగ్గొట్టేత్తన్నావేంటీ? జారేచోట పాదం అడ్డంగా వెయ్యాలి. వేళ్లతో పట్టాలి. సగం అడుగే వెయ్యాలి. నెత్తిమీద నారు కట్టలతో బురద గట్టు మీద మేం నడిచేదలాగే."

"కొండ మొగం చూడనిదానివి నాకు దిగేది నేర్పిస్తావా మే?"

"కొండ తెలీదక్కా. జారడం తెలుసు."

శ్రీనివాసులు పకపకా నవ్వాడు. మునిలక్ష్మికీ నవ్వొచ్చింది. బస్తా మూల ముడివేసి, రాళ్లన్నీ ఏరి మళ్లీ నింపమంది. సగం చాలని వాళ్లిద్దరూ అన్నా ఒప్పుకోలేదు.

పద్మశ్రీ ముందు నడుస్తూ పాదం పెట్టి చూపించింది. మునిలక్ష్మి అదే అచ్చులో కాలు అడ్డంగా పెట్టింది. మోకాలు వంగిన ప్రతిసారీ కలుక్కుమంది, అయినా ఓర్చుకుంది. గులక రెండుసార్లు కదిలింది. వేళ్లు పట్టు వదల్లేదు. కిందికి చేరాక కూడా బస్తా దించకుండా కారు దాకా నడిచింది.

"ఆ రాళ్లు ఈణ్ణే పారెయ్ తల్లీ, మామా చూస్తే నన్నడుగుతాది," అన్నాడు శ్రీనివాసులు.

పులిహోర తిని చెయ్యి కడుక్కున్నాక మునిలక్ష్మి ఫోను నోటి దగ్గర పెట్టుకుని తమ్ముడికి మాట పంపింది: "రేయ్ రామాంజులూ, జీపు మాట్లాడొద్దు. టెంకాయ నేనే మోస్తా. నీ కోడల్ని గూడా తోడు రమ్మను. బోదగడ్డిలో కాలెట్ల పెట్టాల్నో సూపిస్తా."

"నా పేరు చెప్పు," అంది పద్మశ్రీ.

"చెప్తాలే. ఏటిగట్టు పిల్ల నేర్పిందంటే మావోళ్లు నమ్మాల గదా!"