బాయిలర్‌లోకి పోయిన పీలికలు

పర్వత్ పాటియా మార్కెట్‌లో చీరల అంచులు కోశాక మిగిలే పీలికల్ని చిందీ అంటారు. మా అమ్మ ఆ మూటలు కొనుక్కొచ్చి, వడోద్‌లో బతకడానికొచ్చి మేముంటున్న గది ముందర కూర్చుని బొంతలు కుట్టి అమ్మేది. మా గదుల లైన్లో ఇంకొందరు ఆడవాళ్లదీ అదే పని. మా బాపు దగ్గర్లోని రంగుల మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు.

ఒకరోజు అమ్మ మార్కెట్ నుంచి ఉత్త చేతులతో వచ్చింది.

"చిందీ మొత్తం ఏదో మిల్లోళ్లు ఎత్తుకపోతున్రట. బొగ్గుకు బదులు కాలుస్తరట. ఏ మిల్లో నీకెరుకేనా?" అని బాపునడిగింది.

బాపు అన్నం కలుపుతూ తలెత్తలేదు. "మాదే."

"ముందుగాల చెప్తే ఏంబోయె?"

"చెప్తే ఏం జేస్తవు? బొగ్గు పిరమైందని సేఠ్ పని బంద్ పెడ్తనన్నడు. ఇది దొరికినంకనే మా నౌకరీలు నిలవడ్డయి."

మర్నాడు అమ్మ బొంతలు కుట్టే ఆడవాళ్లను వెంటబెట్టుకుని మిల్లు గేటు దగ్గరికి పోయింది. గుజరాతీ బాగా వచ్చేది నాకే కాబట్టి నన్నూ తీసుకుపోయింది.

మేనేజర్ మర్యాదగానే మాట్లాడాడు. "ఆ చెత్త కాలువకు అడ్డుపడి నీళ్లు మీ ఇళ్లలోకొస్తే బాగుండేదా? ఇప్పుడు దాంతోనే ఆవిరి పుట్టించి మిల్లు నడుపుతున్నాం" అన్నాడు. అబద్ధమేం కాదు. వానాకాలం మా గదిలోకి వచ్చిన మురికినీళ్లలో ఆ పీలికలు తేలడం నేను చూశాను. ఆయన మాటల్ని అమ్మకు తెలుగులో చెప్తుంటే, నేను ఎవరి పక్షమో నాకే తెలియలేదు.

"చెత్త అనొద్దని చెప్పు" అంది అమ్మ. "గవ్విటితోనే నిన్ను సదివించిన."

చెప్పాను. ఆయన, కాల్చేముందు పీలికల్లోంచి ప్లాస్టిక్ ఏరే పని ఉందన్నాడు. మిగతావాళ్లు తిట్టుకుంటూ వెనక్కి తిరిగారు. అమ్మ ఒప్పుకుంది.

ఆ చలికాలం పొగ మా లైన్ మీదికే దిగింది. డాబా మీద ఆరేసిన బట్టల నిండా నల్లటి నుసి. అందరం పోయి అడిగితే, చాలా రోజులకు పొగగొట్టానికి ఏదో జల్లెడ బిగించారు. పొగ తగ్గింది, పోలేదు. నీళ్లు మాత్రం ఆ తర్వాతి వానలకు గడప దాటలేదు.

"మంచి మంచి ముక్కలొస్తయి బిడ్డా," అంది అమ్మ ఒక సాయంత్రం. "చేతిల పట్టుకొని జరసేపు సూస్తే పని చేపిచ్చే ముకద్దం అరుస్తడు."

పక్కనే ఉన్న బాపు లేచి బయటికెళ్లిపోయాడు. ఇప్పుడు పొద్దున్నే ఇద్దరూ ఒకే గేటులోకి పోతారు. దారిలో మాట్లాడుకోరు.