దుప్పటి కప్పుకున్న గిటారు

గిటారుకు మళ్ళీ జబ్బు చేసిందని టోన్ మాస్టారు తేల్చేశాడు. భోజనాల బల్ల మీద పాత తువ్వాలు పరిచి, గిటారును వెల్లకిలా పడుకోబెట్టి, తీగలన్నీ ఊడదీసి, పొట్ట మీది రేకు విప్పాడు. ఒక పక్క సోల్డరింగ్ ఐరన్ వేడెక్కుతోంది. ఇంకో పక్క కొత్త పికప్పుల డబ్బా నోరు తెరుచుకుని ఉంది. బల్ల మీద చోటు లేక ఆయన భార్య కంచం ఒళ్ళో పెట్టుకుని సోఫాలో తింటోంది.

"ఈసారి దానికేమొచ్చింది?" అంది ఆవిడ.

"మూగబోయిందోయ్. దుప్పటి కప్పుకుని పాడినట్టుంది."

"మొన్న కూడా ఇదే మాటన్నారు."

"మొన్న వేసిన పికప్పులు కూడా పనికిరానివే మరి. ఆ దుకాణంవాడు అంటగట్టాడు."

ఆవిడ ముద్ద కలుపుకుంది. ఈ విషయంలో ఏమన్నా బూడిదలో పోసిన పన్నీరేనని ఆవిడకు అనుభవం.

పికప్పంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ చుట్టిన చుట్ట. పైన గిటారు తీగ వణికితే, ఆ వణుకును పట్టుకుని కరెంటు చేసి స్పీకరుకు పంపుతుంది. ఒంటి చుట్ట పికప్పు గొంతు సన్నం, పదునుగా ఉంటుంది. జంట చుట్టలదాని గొంతు లావు, మెత్తగా ఉంటుంది. దారిలో పెడళ్ళు తగులుతాయి. అవి కాలితో నొక్కే రేకు డబ్బాలు. ఒకటి గొంతును బొంగురు చేస్తుంది, ఒకటి సాగదీస్తుంది, ఒకటి పదును పెడుతుంది. వీటిలో ఏది ఎంచుకోవాలన్నదే గిటారిస్టుకు జీవితకాలపు చర్చ. ఆ చర్చలో మన మాస్టారిది పైచేయి. హోటలు హాల్లో ప్రతి శనివారం వాయించే ఆయన బృందంలో ఎవరికి అనుమానమొచ్చినా ఆయన్నే అడిగేవాళ్ళు. ఆయన టోను, అదే గిటారు గొంతు, వెచ్చగా, నిండుగా ఉండేది. "ఆ గిటారు మాట్లాడుతుంది" అనేవారు వినేవాళ్ళు. టోన్ మాస్టారన్న పేరు ఊరికే రాలేదు.

అటువంటి గిటారు రెండేళ్ళుగా మసకబారుతూ వచ్చింది. ముందు తీగలు పాతబడ్డాయనుకుని మార్చాడు. తర్వాత కేబులు మీద అనుమానపడ్డాడు. ఆ తర్వాత తన ప్రాణమైన జంట చుట్టల పికప్పులు పీకి బిస్కెట్ల డబ్బాలో పడేసి, ఒంటి చుట్టవి వేశాడు. కొన్నాళ్ళు బాగానే అనిపించింది. మళ్ళీ దుప్పటి. పదును పెంచే పెడలొకటి కొన్నాడు. మళ్ళీ దుప్పటి. ఇప్పుడు ఈ కొత్త డబ్బా. వీటన్నిటికంటే సన్నటి గొంతు వీటిదేనని దుకాణంవాడు ఒట్టు పెట్టి చెప్పాడు.

పగలు ఆయన కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద పరీక్ష ఫ్రేము తగిలించి, అద్దాలు మార్చి మార్చి "ఇలా బాగుందా? ఇలా బాగుందా?" అని అడగడం ఆయన పని. భార్య పళ్ళ డాక్టరు దగ్గర ముందుగదిలో కూర్చుని వచ్చినవాళ్ళను లోపలికి పంపుతుంది. ఆ ఇంట్లో కళ్ళ సంగతి ఆయన చూసుకుంటాడు, పళ్ళ సంగతి ఆవిడ చూసుకుంటుంది. చెవులను పట్టించుకునే నాథుడే లేడు.

షాపులో ఆయనకొక వినోదం ఉంది. వయసు మళ్ళినవాళ్ళు పేపరు చంకలో పెట్టుకుని వచ్చి, "వీళ్ళు ఈ మధ్య ఇంకు తగ్గించేశారండీ, అక్షరాలు కనబడి చావడం లేదు" అంటారు. ఆయన పెద్దమనిషిలా తలూపి, అద్దాలు వేసి, వాళ్ళు వెళ్ళాక నవ్వుకుంటాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కళ్ళు పోతే తప్పు పేపరువాడిదా!

ఆ వారం బృందానికి గడ్డుకాలం. హోటలు చేతులు మారింది. కొత్త యజమాని వచ్చే శనివారం వచ్చి విని, బృందాన్ని ఉంచాలో పంపాలో చెబుతానన్నాడు. అంతకు ముందు శనివారమే అసలు గొడవ జరిగింది. అందరి శబ్దాలనూ కలిపి స్పీకర్లకు పంపే మిక్సర్ దగ్గర ఎప్పుడూ కూర్చునే సౌండాయన మోకాలి ఆపరేషనని సెలవు పెట్టాడు. ఎప్పుడు చూసినా నిద్రపోతున్నట్టుండే ఆయన్ని అందరూ నిద్రమొహమనే పిలుస్తారు. ఆయన బదులు ఎవరో కుర్రాడొచ్చి అన్ని నాబ్‌లూ సమంగా పెట్టేసి ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

కొత్త పికప్పులతో మాస్టారు మొదటి పాటకే విజృంభించాడు. ముందు వరసలో ఒకామె చెవులు మూసుకుంది. పక్కనున్నాయన మొహం చిట్లించి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. పాట మధ్యలో గాయకుడు వెనక్కి తిరిగి చూసిన చూపు మాస్టారి గుండెల్లో దిగబడింది. ఆ గాయకుడు ఎవరో కాదు, స్వయానా బావమరిది. బృందానికి పెద్ద కూడా అతనే.

విరామంలో బావమరిది పక్కకు పిలిచాడు. "బావా, ఆ సౌండేంటి? చెవిలో సూది పెట్టి తిప్పుతున్నట్టుంది."

"ఆ కుర్రాడికి మిక్సర్ ముట్టుకోవడం రాదురా. నా గిటారుకేం తక్కువ?"

బావమరిది ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "చూడు బావా, వచ్చే శనివారం ఆయన వస్తున్నాడు. మా అక్క మొహం చూసి చెబుతున్నా, ఈ వారంలో ఏదో ఒకటి చెయ్యి. నేనింకో గిటారిస్టుతో కూడా మాట్లాడి ఉంచాను. తప్పలేదు."

మాస్టారు వేదిక వంక చూశాడు. ఆ వేదిక మీద ఆ మూల తనది. వేరేవాడు అక్కడ నిలబడటమా?

మర్నాడు పండ్లు పట్టుకుని నిద్రమొహం ఇంటికి పరామర్శకు వెళ్ళాడు. అసలు పని ఆ కుర్రాడి మీద చాడీలు చెప్పడం. నిద్రమొహం కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని అంతా విన్నాడు. తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాడు.

"మాస్టారూ, తప్పుగా అనుకోవద్దు. వినేవాళ్ళ చెవులకు గుచ్చుకోకుండా మీ గిటారుకు నేను ట్రెబుల్ కోసేస్తూ వస్తున్నాను. అదే, ఆ సన్నటి పదునంతా. మొదట్లో కొంచెం. ఈ మధ్య నాబ్ పూర్తిగా కిందకే."

"ఎప్పటి నుంచి?"

"చాన్నాళ్ళయింది. మీరేమో పెంచుకుంటూ పోతున్నారు, నేను తగ్గించుకుంటూ పోతున్నాను. మీకెలా చెప్పను? టోను సంగతి మీకు చెప్పేంతవాణ్ణా?"

ఇంటికి ఎలా వచ్చాడో ఆయనకే తెలియదు. చెప్పుకోవడానికి సిగ్గు, చెప్పుకోకపోతే భయం. సోమవారం షాపులో ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని, "పేపరువాళ్ళు ఇంకు..." అని మొదలుపెట్టాడు. మాస్టారు అలవాటుగా అద్దం మార్చి "ఇలా బాగుందా?" అన్నాడు. రెండోసారి అడగబోయి ఆగిపోయాడు. తనూ రెండేళ్ళుగా పేపరువాణ్ణే తిడుతున్నాడు.

ఆ సాయంత్రం భార్య పత్రిక చదువుతూ ఉన్నట్టుండి లేచి వెనక వసారాలోకి నడిచింది. బట్టల మిషన్ మూత తీసిన చప్పుడైంది. ఆయన వెనకే వెళ్ళాడు.

"అయిపోయిందని నీకెలా తెలిసింది?"

"కూసింది కదా."

"అది కూస్తుందా?"

తడి దుప్పటి చేతిలో పట్టుకుని ఆవిడ ఆయన వంక చూసింది. "ఇల్లదిరేలా కూస్తుంది. మీకు వినపడటం లేదా? నిజంగానా? బట్టలు ఆరేయాల్సొస్తుందని విననట్టు కూర్చుంటున్నారనుకున్నాను. ఎన్నిసార్లు మనసులో తిట్టుకున్నానో!"

ఆయన అక్కడే తిరగేసిన బకెట్ మీద కూలబడ్డాడు. అంతా చెప్పేశాడు.

చెవి డాక్టరు వినికిడి పరీక్ష చేసి, గీతలున్న కాగితం చూపించాడు. మామూలు మాటలకు ఇబ్బంది లేదు, పై శబ్దాలే పోయాయి. ఏళ్ళ తరబడి డ్రమ్ముల పక్కన, వాటి ఇత్తడి పళ్ళేల మోతలో నిలబడ్డ ఫలితం. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలంటే వేదిక మీద చెవుల్లో బిరడాలు పెట్టుకోమన్నాడు. చెవికి మిషన్ పెట్టుకోవచ్చు గానీ, దాంతో సంగీతానికి అలవాటు పడటానికి నెలలు పడుతుందన్నాడు. మాస్టారికి ఉన్నది శనివారం దాకానే.

శుక్రవారం సాయంత్రం బిస్కెట్ల డబ్బా మూత తీసి, పాత జంట చుట్టల పికప్పులు మళ్ళీ వేశాడు. కరిగిన సీసం కొంత బల్ల మీద కారింది. పదును పెడలును బీరువా కిందికి తోశాడు. భార్యను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నాకు సంగీతం తెలియదండీ."

"నా దగ్గరకొచ్చేవాళ్ళకు అద్దాల గురించి ఏం తెలుసు? బాగుందో లేదో చెబుతారు, అంతే." ఒక తీగ మీటి నాబ్ తిప్పాడు. "ఇలా బాగుందా? ఇలా బాగుందా?"

"మొదటిదే నయం. రెండోది మా డాక్టరు డ్రిల్లులా ఉంది."

"ఈ మాట ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"అదే ఫ్యాషనేమో అనుకున్నాను."

ఆవిడ తగ్గించమంటోంది, ఆయన తగ్గిస్తున్నాడు. చివరికి ఆయనకు గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టయింది. అప్పుడు ఆవిడ చెయ్యెత్తింది. "అక్కడ ఆపండి. అదే."

"ఇదా? ఇందులో ఏముంది?"

"మీరున్నారు. పెళ్ళైన కొత్తలో పక్క గదిలోంచి వినపడేది ఇదే."

గోళ్ళ రంగు తెచ్చి, ప్రతి నాబ్ పక్కనా ఎర్ర చుక్క పెట్టింది. చెయ్యి అటువైపు పోతే ఊరుకోనంది.

శనివారం బిరడాలు పెట్టుకుని వేదిక ఎక్కాడు. నిద్రమొహం కాలు ఈడ్చుకుంటూ వచ్చి మిక్సర్ దగ్గర కూర్చున్నాడు. "ఇవ్వాళ కోయకండి" అన్నాడు మాస్టారు. ఆయన నమ్మలేనట్టు చూసి, సరేనన్నాడు. భార్యది వెనక వరసలో చివరి కుర్చీ. చెవిలో గుచ్చుకుంటే కళ్ళజోడు తీస్తానని ఒప్పందం. కొత్త యజమాని చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

మొదటి పాట. మాస్టారికి తన వేళ్ళు కనబడుతున్నాయి గానీ తన గిటారు వినపడటం లేదు. మసక, బురద. కొంచెం, ఒక్క పిసరు పెంచితే? చెయ్యి దానంతటదే నాబ్ దాకా పోయింది. ఎర్ర చుక్క చూసి వెనక్కి తీసుకున్నాడు. చొక్కా వీపుకు అతుక్కుంది. వాయిస్తున్నది ఒప్పో తప్పో తేల్చుకునే దారి లేక, వేళ్ళకున్న పాత జ్ఞాపకాన్నే నమ్ముకుని వాయించాడు. రెండో పాట. మూడో పాటలో ఆయనొక్కడే వాయించే ఘట్టం వచ్చింది. కళ్ళెత్తి వెనక వరస వంక చూశాడు.

ఆవిడ కళ్ళజోడు తీసేసింది.

వేళ్ళు తడబడబోయాయి. నాబ్ కోసం చెయ్యి జాపాడు. అంతలో ఆవిడ వద్దు వద్దని గట్టిగా తలూపింది. రుమాలుతో కళ్ళు తుడుచుకుని, కంగారుగా కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. అది చూసి ఒక్క క్షణం ఎర్ర చుక్కలు కనబడనంతగా ఆయన కళ్ళూ చెమర్చాయి. అలాగే వాయించాడు.

అంతా అయ్యాక యజమాని బావమరిదితో ఏదో మాట్లాడి, తలూపి వెళ్ళిపోయాడు. బావమరిది పరుగున వచ్చాడు. "ఉండమన్నాడు బావా! నీ పాత టోను తెచ్చేశావే! ఏం పెడల్ కొన్నావ్?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "ఏమీ కొనలేదురా. నాకు ఆ పై శబ్దాలు వినపడటం లేదు. మీ అక్క పెట్టింది ఆ టోను. ఇంకెవరితోనో మాట్లాడి ఉంచానన్నావుగా, ఇప్పుడు తెలిసింది కాబట్టి నీ ఇష్టం."

బావమరిది మొహంలో నవ్వు పోయింది. గిటారు మీది ఎర్ర చుక్కలను వేలితో ఒక్కొక్కటే తడిమాడు. తర్వాత వెనక వరస దాకా వెళ్ళి, అక్కను లేపి, ఆవిడ కుర్చీ ఎత్తుకొచ్చి ముందు వరస మధ్యలో వేశాడు.

"వచ్చే శనివారం నువ్విక్కడ కూర్చోవే" అన్నాడు అక్కతో.

ఆదివారం ఉదయం మాస్టారు టీ తాగుతుండగా ఆవిడ వంటగదిలోంచి తొంగి చూసి, "అయిపోయింది" అంది. మిషన్ కూసిందట. ఆయన కప్పు పక్కన పెట్టి, వెళ్ళి బట్టలు ఆరేశాడు.