ఉత్త నీళ్ల హుక్కా

నందిగామ నుంచి జగ్గయ్యపేటకు కాపురానికి వచ్చేటప్పుడు, పేడకళ్లు ఎత్తమన్నా ఎత్తుదామని మనసు రాయి చేసుకునే వచ్చాను. మామగారి గంజాయి హుక్కా కడగమంటారని మాత్రం కల్లో కూడా అనుకోలేదు. మా పుట్టింట్లో చుట్ట కాల్చేవాళ్లను అరుగు కూడా ఎక్కనిచ్చేవారు కాదు. యాభైల చివరి మాట ఇది.

నేను వచ్చేసరికే మామగారు గంజాయి మానేశారు. దగ్గు ముదిరి ఊపిరి అందక బెజవాడ తీసుకెళితే, ఇంకో ఏడాది పీలిస్తే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడట. ఇంటికొచ్చి మా ఆయన నెత్తిన చెయ్యిపెట్టి, మళ్లీ ముట్టనని ఒట్టేశారు. హుక్కాను మాత్రం వదల్లేదు. వాళ్ల నాన్నగారిది. రోజూ సాయంత్రం పశువుల కొట్టం పక్కన మంచం వాల్చుకుని, నిప్పూ లేకుండా, గంజాయీ లేకుండా ఉత్త నీళ్లు పోసి గుడగుడలాడించుకునేవారు. ఆ చప్పుడు వింటే ప్రాణానికి హాయిగా ఉంటుందనేవారు. పెద్దమనిషికి ఇదేం పిల్లాటరా బాబూ అని నాకు లోపల ఒకటే నవ్వు.

అంతకుముందు దాన్ని కడిగేది అత్తగారు. నేను వచ్చిన నెలకే మామగారు ఆ పని నాకు అప్పజెప్పారు. ఆవిడ నడుం వంగడం లేదని, ఇత్తడి కుండ బరువని ఆయన గొణిగారు. అత్తగారు ససేమిరా అన్నారు. కొత్తపిల్ల, గొట్టం విరగ్గొడుతుందన్నారు. నాకు ఒళ్లు మండింది. గొట్టం కడగడం కూడా చేతకానిదాన్నా? మొండికేసి మరీ తీసుకున్నాను.

తీసుకున్నాక తెలిసింది దాని తంటా. మా బావి నీళ్లలో సున్నం ఎక్కువ. రెండు రోజులు ఊరుకుంటే కుండ లోపల తెల్లగా పొరకట్టేది. చింతపండు నానేసి, ఊకబూడిదతో తోమితేగాని పోదు. నిలువు కొయ్యగొట్టంలో ఏళ్ల తరబడి పేరుకున్న నల్లజిడ్డు ఉండేది. వేణ్ణీళ్లు పోసి, కొబ్బరి ఈనెకు గుడ్డపేలిక చుట్టి పైకీ కిందకీ ఆడించాలి. ఆ కంపుకు ముక్కుకు కొంగు అడ్డం కట్టుకునేదాన్ని. పైన నిప్పులు పెట్టే మట్టిచిప్ప ఒక్కటే ఎప్పుడు చూసినా శుభ్రంగా ఉండేది.

మా ఆయన నాకో పని పెట్టారు. పొద్దున్నే కుండలో నీళ్లు ఏ రంగులో ఉన్నాయో చూడమన్నారు. తేటగా ఉంటే నాన్న మాటమీద ఉన్నట్టు, పొగ దిగి ఎర్రగా ఉంటే ఒట్టు తప్పినట్టు. తప్పితే ఇక ఆ మనిషితో మాట్లాడనన్నారు. ఒట్టు పడింది ఆయన నెత్తిమీదే కదా మరి.

సరే చూద్దును కదా, ఒకరోజు తేట, ఒకరోజు ఎరుపు. నాకేం పాలుపోలేదు. ఇది పాతజిడ్డు కరిగి దిగిన ఎరుపా, కొత్తపొగ ఎరుపా? అత్తగారిని అడిగితే, ఏళ్లనాటి గొట్టం, ఊరుతూనే ఉంటుందన్నారు. మామగారిని అడిగే ధైర్యం లేదు గాని, ఆయనే ఒకనాడు నా మొహం చూసి కనిపెట్టి, తాను ముట్టలేదని చెప్పారు. ఆ మొహం చూస్తే అబద్ధమాడే మొహంలా లేదు. నీళ్లు చూస్తే నిజంలా లేవు. మా ఆయన అడిగినప్పుడల్లా పాతజిడ్డేనేమో అంటూ నీళ్లు నమిలేదాన్ని.

విసుగుపుట్టి ఒకరోజు పంతం పట్టాను. గొట్టాన్ని వేణ్ణీళ్లలో నానబెట్టి, పేలిక తెల్లగా వచ్చేదాకా తోమి, ఎండలో ఆరబెట్టాను. ఇక ఊరడానికి చుక్క జిడ్డు లేదు. నాలుగు రోజులు నీళ్లు తేటగా ఉన్నాయి. ఐదోనాడు మళ్లీ ఎరుపు. నాకు ఏడుపొచ్చింది. ఇంత వయసొచ్చిన మనిషి కొడుకు ప్రాణం మీద ఒట్టేసి తప్పుతారా అని కోపం, కాదేమో, ఉత్తపుణ్యానికి ఆయన్ను అనుమానిస్తున్నానేమో అని భయం.

ఆ వారంలోనే మామగారు మా నాన్నతో ఎడ్లజత సంగతి మాట్లాడాలని మధ్యాహ్నం బస్సుకు నందిగామ వెళ్లారు. రాత్రికి అక్కడే మకాం. ఆయన వెళ్లాక నేను హుక్కా కడిగి, తేటనీళ్లు పోసి పెట్టాను. తెల్లారి కుండ వంచితే పళ్లెం నిండా ఎర్రనీళ్లు! బుర్ర తిరిగిపోయింది. ఆయన ఊళ్లోనే లేరు. రాత్రంతా మా ఆయన నా పక్కనే ఉన్నారు. పాలేరు వాకిలి దాటి లోపలికి రాడు. దయ్యాలు కూడా హుక్కా తాగుతాయా అని ఆ పళ్లెం ముందు కూలబడ్డాను. అత్తగారన్న ఆలోచన నాకు రానే రాలేదు. ఆడమనిషి, అందులోనూ ఆవిడ!

చేలోంచి వచ్చిన మా ఆయన పళ్లెం చూశారు. సరిగ్గా అప్పుడే మామగారు బస్సు దిగి, చంకలో సంచీతో దొడ్లోకి వచ్చారు.

"నిన్న వెళ్లబోయే ముందు తాగావన్నమాట," అన్నారు మా ఆయన.

మామగారు పళ్లెంకేసి చూశారు. నాకేసి చూశారు. తర్వాత వంటింటి గుమ్మంకేసి చూశారు. అక్కడ అత్తగారు ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉన్నారు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అవున్రా. నేనే. మానలేకపోయా," అన్నారు మామగారు.

"అది కాదండీ, ఆయన వెళ్లాకే నేను..." అని నోరు తెరిచాను.

"నువ్వూరుకో అమ్మాయ్. ఆ నీళ్లు పారబొయ్యి," అన్నారు మామగారు, మెత్తగానే.

మా ఆయన హుక్కాను ఎత్తుకెళ్లి పాడుబావిలో పడేశారు. ఆ రోజు నుంచి తండ్రితో మాటలు లేవు.

నేను ఊరుకోలేదు. పొయ్యి దగ్గర అత్తగారిని నిలదీశాను. ఆవిడ ఏడవలేదు. ఆఖరి కాన్పు నుంచి నడుం విరిగిపోయేంత నొప్పట. మామగారు పీల్చి వదిలేశాక కడగడానికి తీసుకెళ్లి, మిగిలిన నిప్పు మీద ఒకటి రెండు దమ్ములు లాగితే కాస్త కునుకు పట్టేదట. ఆయన మానేశాక డబ్బాలో మిగిలిన ఆకుతో, నొప్పి ఓర్చుకోలేని రాత్రుల్లో తానే నిప్పు వేసుకునేవారట. కొట్టంలో దోమలకు పెట్టిన పొగలో ఆ వాసన కలిసిపోయేది. చిప్ప తుడిచి పెట్టగలిగేవారు గాని, కుండ ఎత్తి నీళ్లు మార్చే ఓపిక నడుముకు లేదు. కొడుకుతో చెప్పేస్తానని లేచారట కూడా. మామగారు చెప్పనివ్వలేదట.

ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నింద నెత్తిన వేసుకున్నారే, ఇన్నేళ్లూ ఆవిడ నడుం సంగతి ఏం చేశారు? మా ఆయనకు చెప్పాలో కూడదో తేల్చుకోలేక కొన్నాళ్లు అన్నం సయించలేదు. చెబితే ఈవిడ పరువు పోతుంది. చెప్పకపోతే మామగారు ఒట్టు తప్పినవారిగానే మిగిలిపోతారు.

ఇంతలో ఒకనాడు పొద్దున్నే మామగారు మడతపంచె కట్టుకుని, అత్తగారిని బయల్దేరమన్నారు. ఇద్దరూ బెజవాడ బస్సెక్కారు. వాళ్లిద్దరూ కలిసి బస్సెక్కడం అంతకుముందు ఈ ఇంట్లో ఎవరూ చూడలేదు. చీకటిపడ్డాక తిరిగొచ్చారు. కాళ్లకు నీళ్లిస్తూ, డాక్టరు ఏమన్నాడని అత్తగారిని అడిగాను.

డాక్టరు సంగతి ఆవిడ ఎత్తనే లేదు. నేనిచ్చిన చెంబు కింద పెట్టేశారు.

"బస్సులో మీ మావయ్య, నొప్పెక్కడే అని అడిగారే," అన్నారు. అని, చీరచెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు.