వెనక్కి పంపే బాబాయ్

మా జేబెజ్ బాబాయ్ తన ముందుకొచ్చిన దేన్నైనా మొదటిసారే ఒప్పుకున్న పాపాన పోలేదు. వస్తువైనా, మనిషైనా, మాటైనా ఒకసారి వెనక్కి వెళ్ళి రావాల్సిందే. మా పిన్ని మెహిటబెల్‌కి పెళ్ళయిన కొత్తలోనే ఈ సంగతి తెలిసింది. మొదటి రోజు ఆవిడ ఎంతో ఆశగా మొక్కజొన్న పాయసం చేసి పెడితే, చెంచా అంచుతో తాకి, "ఇది ఇంకా ఆలోచనలోనే ఉంది, పాయసం కాలేదు" అని వంటింటికి తిప్పి పంపాడట. ఆ పాయసం ఆవిడ గుండెలో ఇప్పటికీ ఉడుకుతూనే ఉంటుంది.

అమ్మానాన్నా పోయాక నేను ఆ ఇంట్లోనే పెరిగాను. అందుకని నా బాధా తక్కువేం కాదు. చొక్కాకి గుండీ కుట్టి ఇస్తే, "ఈ గుండీ తలొంచుకుంది, ఏం తప్పు చేసిందో కనుక్కో" అనేవాడు. విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. "ఇప్పుడు మరీ పొగరుగా ఉంది" అనేవాడు.

కుర్రతనంలో ఆయన వర్తకుడు. మా గ్రేస్టన్ రేవులో ఉప్పుచేపల వ్యాపారం. చేపలవాళ్ళు పీపా దింపారంటే మూత తీయించి, చేపను తోక పట్టుకుని వెలుతురుకి ఎత్తి, దాని మొహంలోకి చూసేవాడు.

"తీసుకెళ్ళండి. ఈ చేపలో నిజాయితీ లేదు."

"అయ్యా, అది చచ్చిపోయింది!"

"చచ్చిన తీరు కూడా నాకు నచ్చలేదు."

ఆ తీరమంతా ఆయన్ని తిట్టుకుంటూనే చేపలు మరింత శ్రద్ధగా ఆరబెట్టడం మొదలుపెట్టింది. గ్రేస్టన్ చేపకు పేరొచ్చింది. బాబాయ్‌కి మాత్రం ఆ పేరు కూడా నచ్చలేదు.

ఫ్రెంచివాళ్ళతో యుద్ధం వచ్చినప్పుడు తుపాకీ పట్టి ఉత్తరాన అడవుల్లోకి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు మామూలు సిపాయి, వచ్చేటప్పటికి కల్నల్. ఎలా అయ్యాడంటే, పైనుంచి వచ్చిన హుకుములన్నీ "ఇది సరిగా ఆలోచించలేదు" అని తిప్పి పంపుతుంటే, ఆ గోల భరించలేక హుకుములిచ్చే పదవిలోనే కూర్చోబెట్టారని పిన్ని అంటుంది.

ఆ యుద్ధంలో ఒక చిన్న కోటను చుట్టుముట్టారు. లోపలివాళ్ళు ఆకలికి తట్టుకోలేక లొంగిపోతామని తెల్లగుడ్డ ఊపుతూ ఒక దొరను పంపారు. బాబాయ్ గుడ్డను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది భోజనాల బల్ల మీది గుడ్డ కాదూ?"

"అవునండీ."

"దీని మీద పులుసు మరక ఉంది. ఇంత పెద్ద కోట, ఇంతమంది వీరులు, పులుసు మరకతో లొంగిపోతారా? ఉతికి తీసుకురండి."

ఆ దొర ఏడవలేక నవ్వుతూ వెనక్కి వెళ్ళాడు. గుడ్డ ఉతికారు, ఆరేశారు. ఆరేవరకూ రెండు వైపులా తుపాకులు దించుకుని కూర్చున్నారు. మళ్ళీ వచ్చినప్పుడు గుడ్డకు గంజి కూడా పెట్టారట.

యుద్ధం నుంచి వచ్చాక ఊరివాళ్ళు ఆయన్ని ఊరిపెద్దల్లో ముఖ్యుణ్ణి చేశారు. ఎందుకు చేశారో చేసినవాళ్ళకే తెలియాలి. పాదిరిగారి ప్రసంగం మధ్యలో లేచి, "ఆ నరకం సంగతి ఇంకోసారి చెప్పండి, ఈసారి కాస్త నమ్మకంగా" అన్న మనిషి.

ఇక ట్యామ్‌సిన్ రో సంగతికి వస్తాను. ఆవిడ పక్క ఊరి జాలరి భార్య. మొగుడు సముద్రంలో పోతే, చంటిపిల్లను ఎత్తుకుని మా ఊరొచ్చి, మా గేటుకి ఎదురుగా ఉన్న గుడిసెలో నార వడుకుతూ బతుకుతోంది. మా ఊళ్ళో ఒక పద్ధతుంది. బయటివాళ్ళు వచ్చి ఏడాది నిండేలోగా కానిస్టేబుల్ వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, "ఊరు విడిచి వెళ్ళండి" అని నోటితో చెప్పాలి. చెప్పకుండా ఏడాది నిండిందా, వాళ్ళు మా ఊరివాళ్ళే. కష్టమొస్తే ఊరే పోషించాలి. పేదవాళ్ళకైతే ఆ మాట తప్పకుండా చెప్పేవారు.

"చలికాలం వచ్చేస్తోంది కల్నల్ గారూ," అన్నాడు సైలస్ పెల్లెట్, ఇంకో ఊరిపెద్ద. "ఆవిడ ఊరికి బరువవుతుంది. ఏడాది నిండకముందే చెప్పించెయ్యాలి."

"చెప్పిద్దాం. కానిస్టేబుల్‌ని రమ్మనండి," అన్నాడు బాబాయ్.

కానిస్టేబుల్ ఓబడయా ఫిచ్ వచ్చాడు. బాబాయ్ పెరట్లోనే ఆపేశాడు.

"ఆ టోపీ ఏమిటయ్యా? ఊరి తరఫున వెళ్తున్నావా, బాతుల వేటకా? ఇంటికి పో."

మర్నాడు కొత్త టోపీతో వచ్చాడు. బూట్లకి బురద. వెనక్కి. బూట్లు తుడుచుకొచ్చాడు.

"ఏదీ, ఆ మాట ఒకసారి అను."

"ఊరు విడిచి వెళ్ళండి."

"దొంగతనానికి వచ్చినవాడిలా గొణుగుతావేం?"

"ఊరు విడిచి వెళ్ళండి!"

"చంటిపిల్ల ఉన్న ఇల్లయ్యా అది! జడుసుకోదూ? పో, సాధన చేసుకుని రా."

పాపం ఓబడయా సముద్రం ఒడ్డున కొంగలకు చెప్పుకుంటూ సాధన చేశాడు. గొంతు కుదిరేసరికి వ్యవహారం అతని గుర్రం దగ్గర ఆగిపోయింది.

"గుర్రం దిగులుగా ఉంది."

"కల్నల్ గారూ, గుర్రం మొహం నేనేం చెయ్యగలనండీ?"

"దానికి నవ్వు రాకపోతే పోయింది, నమ్మకమైనా రావాలి కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఓబడయా మా గేటు దగ్గర కనిపించినప్పుడల్లా ట్యామ్‌సిన్ మూట కట్టుకుని, పిల్లను చంకనేసుకుని గుమ్మంలో నిలబడేది. అతను వెనక్కి వెళ్ళిపోతే మూట దించేది. నాకు ఎవరితోనూ గట్టిగా మాట్లాడే అలవాటు లేదు, కానీ ఆ రోజు ఉండబట్టలేకపోయాను.

"బాబాయ్, పంపితే పంపండి, మానితే మానండి. ఆవిడ ప్రాణం ఎన్నిసార్లు తీస్తారు? చూడండి, మళ్ళీ మూట కట్టుకుంది."

బాబాయ్ కిటికీలోంచి తొంగిచూశాడు. "ముడి బాగాలేదు. విప్పెయ్యమని చెప్పు."

ఈయనకి మనసుందా అనిపించింది. కోపంగా వెళ్ళి ఆ మాటే చెప్పాను. ట్యామ్‌సిన్ నా మొహంలోకి చాలాసేపు చూసి, మూట విప్పి, గిన్నెలు మళ్ళీ అరలో సర్దుకుంది. నాకేమీ అర్థం కాలేదు.

చివరికి ఒక పొద్దున ఓబడయా బావమరిది కోటు తొడుక్కుని, గుర్రం జూలుకి జడలల్లి, తళతళలాడుతూ వచ్చాడు. బాబాయ్ అతని చుట్టూ తిరిగాడు. గుర్రం చుట్టూ తిరిగాడు. మాట చెప్పించుకున్నాడు.

"లోపం లేదు. వెళ్ళు."

వంటింట్లో పిన్ని చేతిలోంచి గరిటె జారిపడింది. ఓబడయా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఛాతీ విరుచుకుని దారి దాటి, గుమ్మం ముందు నిలబడి, మెత్తగా, స్పష్టంగా, అద్భుతంగా ఆ మాట చెప్పాడు. ట్యామ్‌సిన్ మర్యాదగా విని, "మంచిదండీ" అని రాట్నం ముందు కూర్చుంది.

అంతలో పెల్లెట్ రొప్పుకుంటూ వచ్చాడు.

"కల్నల్ గారూ! నిన్నటితో ఆవిడకి ఏడాది నిండిపోయింది!"

"అయ్యో! ముందే చెప్పాల్సింది."

"చెబుతూనే ఉన్నాను కదండీ!"

"చెప్పారు. కానీ సరిగా చెప్పలేదు."

పెల్లెట్ విసవిసా వెళ్ళిపోయాడు. నేను బాబాయ్ వైపు చూశాను. ఆయన గుర్రం జడలు మెచ్చుకుంటున్నాడు.

మంచు పడటం మొదలయ్యాక ఊరి తరఫున ట్యామ్‌సిన్‌కి ఒక బండెడు కట్టెలు పంపాడు. కాసేపటికి ఓబడయా అదే బండితో తిరిగొచ్చాడు.

"ఆవిడ తిప్పి పంపిందండీ. పచ్చివట. ఊరు ఇచ్చే కట్టెలు ఇలాగేనా ఉండేది, అని అడగమంది."

బాబాయ్ ఒక కట్టె తీసి వాసన చూశాడు. తర్వాత గేటు పట్టుకుని, భుజాలు అదిరేలా నవ్వడం మొదలుపెట్టాడు.

"చూశావా మెహిటబెల్! ఊరిమనిషి అయిపోయింది!"

మా కొట్టంలోని ఎండుకట్టెలన్నీ తనే బండికెత్తి తోలించాడు. ఆ పచ్చికట్టెలు మా పొయ్యిలోకి వచ్చాయి. చలికాలమంతా ఇల్లంతా పొగ. పిన్ని దగ్గుతూ తిట్టేది, తిడుతూ దగ్గేది. నా పుస్తకాలకు ఆ వాసన ఇప్పటికీ వదల్లేదు. బాబాయ్ మాత్రం కళ్ళు నలుపుకుంటూ హాయిగా కూర్చునేవాడు. ఒక్క కట్టెనీ వెనక్కి పంపలేదు.